పొగకి ఉద్యోగం

"ఇకమీదట ఈ దేశంలో పొగ కూడా పని చేస్తుంది."

మా రవాణా మంత్రిగారు ఈ చారిత్రక ప్రకటన చేసిన రోజున నేను హాల్లో చివరి వరసలో, తలుపు పక్క కుర్చీలో ఉన్నాను. ఎక్కడెక్కడ చప్పట్లు కొట్టాలో మాకు ముందే కాగితం మీద ఇచ్చారు. కాని ఈ వాక్యం దగ్గర నేను కాగితం చూడకుండానే కొట్టాను. మా శాఖలో ఏ పనీ చెయ్యకుండా పొద్దున లోపలికి వచ్చి సాయంత్రం బయటికి పోయేవి చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్నయినా పట్టుకుని పనిలో పెట్టాలన్న ఆలోచన ఇంతకు ముందు ఏ మంత్రిగారికీ రాలేదు.

ఆయన చెప్పింది టర్బోచార్జర్ల గురించి. ప్రభుత్వ కార్లన్నిటికీ టర్బోలు బిగిస్తారట, దాంతో ఇంధనం మూడో వంతు ఆదా అవుతుందట. నేను చదువుకున్నది మా ఊరి బళ్ళో. సైన్సు మాస్టారు బోర్డు మీద ఇంజన్ బొమ్మ మొదలుపెట్టి, గాలి లోపలికి వెళ్ళేదాకా గీసేసరికి గంట కొట్టారు. పొగ బయటికి వచ్చే సగం మర్నాటి పాఠం. మర్నాడు మాస్టారు సెలవు. అందుకని ఇంజన్ గురించి నాకు తెలిసింది సరిగ్గా సగం. మా శాఖలో అది ఎక్కువే.

మిగతా సగం మా శాఖ కార్ల షెడ్డులో మెకానిక్ బాబాయ్ చెప్పాడు. ఆయన నాకు చుట్టం కాదు. షెడ్డులో అందరికీ బాబాయే. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని జబ్బేమిటో చెబుతాడు.

"మీ ఇంట్లో పొయ్యిని ఊదుగొట్టంతో ఊదేవాళ్ళు కదా," అన్నాడు. "ఊదడానికి మనిషి కావాలి. అలా కాకుండా, పొయ్యిలోంచి పోయే పొగే ఒక చక్రాన్ని తిప్పి, ఆ చక్రమే గాలి ఊదిందనుకో. అదే టర్బో."

"అయితే మంచిదే కదా బాబాయ్."

"మంచిదే. చిన్న పొయ్యికి పెడితే పెద్ద పొయ్యి వంట చేస్తుంది. పొదుపంతా అక్కడే ఉంది. ఉన్న పెద్ద పొయ్యికే పెట్టి, పైన గిన్నె కూడా లేకుండా రోజంతా మండిస్తామంటే, అది మాత్రం ఏం చేస్తుంది?"

గిన్నె లేని పొయ్యి అని ఆయన దేన్ని అన్నాడో నాకు వెంటనే అర్థమైంది. ఆ పొయ్యికి లాగ్‌బుక్ రాసేదాన్ని నేనే.

నా ఉద్యోగం పేరు వాహనాల లాగ్‌బుక్ గుమస్తా. తాత్కాలికం. నాలుగేళ్ళుగా తాత్కాలికం. ఏ కారు ఎన్ని గంటలకి బయల్దేరింది, ఎంత తిరిగింది, ఎంత తాగింది, ఇవి నేను రాయాలి. రిజిస్టర్లో 'ఇంజన్ ఆన్', 'ఇంజన్ ఆఫ్' అని రెండు గళ్ళుంటాయి. మంత్రిగారి కారు పేజీలో రెండో గడి నాలుగేళ్ళుగా ఖాళీ.

దానికో కారణం ఉంది. ముగ్గురు మంత్రుల కిందట ఉన్న మంత్రిగారి డ్రైవరు, ఎండలో బండి వేడెక్కుతోందని జాలిపడి, పోర్టికోలో ఇంజన్ ఆపేశాడు. మీటింగ్ నుంచి బయటికి వచ్చేసరికి ఆ మంత్రిగారు మాజీ అయ్యారు. అప్పట్నుంచి మా శాఖలో ఒక నియమం ఏర్పడింది. ఏ కాగితం మీదా ఉండదు గనక అందరూ పాటిస్తారు. మంత్రిగారు పొద్దున ఇల్లు వదిలిన దగ్గర్నుంచి మళ్ళీ ఇంటి గేటు దాటేదాకా ఇంజన్ ఆగకూడదు. ఇంజన్ ఆగితే పదవి ఆగుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు ఆపొచ్చు, అది రిజిస్టరుకెక్కదు. అక్కడాయన మంత్రి కాదు, మామగారి అల్లుడు మాత్రమే.

అంచేత మంత్రిగారి కారు రోజుకి ఇరవై కిలోమీటర్లు నడిచేది, తొమ్మిది గంటలు నిలబడి ఊగేది. లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇచ్చేది. ఈ నాలుగు ఎలాగో ఒక పత్రికకి తెలిసింది. మర్నాడు అది మొదటి పేజీలో ఎంత పెద్ద అంకెగా పడిందంటే, చదువు రాని వాళ్ళకి కూడా సిగ్గేసింది. మంత్రిగారికి వెయ్యలేదు. పైగా టర్బో ఆలోచన వచ్చింది. ఇంజన్ ఆపకుండా మైలేజీ పెంచే మార్గం ఉందా అని ఆయన అడగ్గా, ఎవరో ఆ మాట ఆయన చెవిలో వేశారు.

మెకానిక్ బాబాయ్‌ని మంత్రిగారి గదికి పిలిచారు. నేను లాగ్‌బుక్ పట్టుకుని వెనకాల నిలబడ్డాను. బాబాయ్ తనకి తెలిసినంత మర్యాదగా చెప్పాడు: టర్బో వల్ల పొదుపు కావాలంటే చిన్న ఇంజన్ ఉన్న బండి తీసుకోవాలి, అది పరిగెడుతూ ఉండాలి, ఊరికే నిలబెట్టినప్పుడు పొగకి చక్రాన్ని తిప్పేంత ఊపు ఉండదు.

మంత్రిగారు కుర్చీలో ముందుకి జరిగారు.

"నన్ను చిన్న బండి ఎక్కమంటావా?"

"నేనేం అనలేదండి. ఇంజన్ సంగతి చెప్పానంతే."

"ఇంజన్ చిన్నదని బయటికి తెలిస్తే?"

ఇది బాబాయ్ సిలబస్‌లో లేదు. ఆయన చదివింది ఇంజన్లే. ఉన్న పెద్ద ఇంజన్‌కే టర్బో పెట్టాలని నిర్ణయమైంది. టర్బోల అధ్యయనానికి మంత్రిగారు పది రోజులు విదేశాలకి వెళ్ళారు. కారు ఖాళీగా దొరికింది ఆ పది రోజులే గనక బాబాయ్ ఆ లోపల బిగించేశాడు. మంత్రిగారు తిరిగి వచ్చాక బానెట్ ఎత్తి చూపిస్తే, నత్తగుల్లలా ఉన్న దాన్ని చూసి, అక్కడ చూసింది ఇదేనా అని పీఏని అడిగారు. పీఏ ఇదేనన్నాడు. అధ్యయనం అలా పూర్తయింది.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి మనవి చేసుకోవాలి.

మిగతా కార్లకీ బిగించడం అయ్యాక బాబాయ్ ఒక జాగ్రత్త చెప్పాడు. టర్బో బండి బాగా పరిగెత్తి వచ్చాక వెంటనే ఇంజన్ ఆపకూడదు, ఒక్క నిమిషం ఊరికే తిరగనిచ్చి ఆపాలి, లోపలి చక్రం చల్లబడుతుంది అని. దీన్ని సర్క్యులర్‌గా టైపు చెయ్యమని నాకిచ్చారు. మా ఆఫీసులో ఒక పద్ధతుంది. ఫైలు ఎవరి బల్ల మీదికి వస్తే వాళ్ళు ఏదో ఒకటి మార్చకుండా సంతకం పెట్టరు. మార్చకపోతే చదవలేదనుకుంటారు. నాలుగేళ్ళ సర్వీసు ఉన్నదాన్ని, నాకూ కాస్త స్థాయి ఉండాలి కదా అని, ఒక నిమిషాన్ని రెండు నిమిషాలు చేశాను. సూపరింటెండెంటు అయిదు చేశాడు. ఆయన పైఆయన పదిహేను చేశాడు. పీఏ అరగంట చేశాడు. మంత్రిగారు అంకెల జోలికి పోలేదు. అంకెలు కింది వాళ్ళ పని. అంకె కొట్టేసి, సొంత చేత్తో రాశారు: "ఇంజన్ పూర్తిగా చల్లబడేవరకు ఇంజన్ ఆపరాదు."

మా శాఖ కార్లు నలభై మూడు. సర్క్యులర్ అందిన మర్నాడు పొద్దున నలభై మూడూ ఆవరణలో వరసగా నిలబడి చల్లబడటం మొదలుపెట్టాయి. సాయంత్రానికీ చల్లబడలేదు. కిటికీ తలుపులు మూసుకుని పనిచేశాం. పొగకి ఉద్యోగం వచ్చిందో లేదో గాని, మాకు మాత్రం దగ్గొచ్చింది.

"పెద్దమనుషులు చేతులు పెట్టాక ఇంజన్ ఏం చల్లబడుతుందే తల్లీ," అన్నాడు బాబాయ్. "మొదట ఎవరు మార్చారు దాన్ని?"

తెలీదన్నాను.

నెలాఖరుకి ఇంధనం రెట్టింపైంది. మంత్రిగారి కారు లీటరుకి నాలుగు నుంచి మూడుకి దిగింది. పీఏ నన్ను పిలిచి తలుపు వేశాడు. ఆయన ఎప్పుడూ మెత్తగా మాట్లాడతాడు. గట్టిగా మాట్లాడాల్సిన అవసరం రాని మనిషి.

"అమ్మాయ్, నీది తాత్కాలికమే కదా ఇంకా?"

"అవునండి."

"పొదుపు నివేదిక నువ్వే తయారు చేస్తున్నావట. లీటరుకి ఇరవై వస్తే బాగుంటుంది. నీకూ బాగుంటుంది."

బాగుండటం అంటే ఏమిటో చెప్పాలి. పర్మనెంటు అయిన వాళ్ళకి క్వార్టర్స్ ఇస్తారు. రెండు గదులు, ముందు గదికి కిటికీ. అమ్మా నేనూ ఉండే అద్దె గదికి తలుపు తప్ప వెలుతురు వచ్చే దారి లేదు. అమ్మ బట్టలు కుడుతుంది. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడానికి మిషన్ని గుమ్మంలోకి లాక్కుంటోంది. వచ్చే పోయే వాళ్ళు దాన్ని దాటుకుని పోవాలి. ఒకసారి ఆవిడ నాకు అన్నం క్యారేజీ ఇచ్చే వంకన ఆఫీసుకి వచ్చి, ఖాళీగా ఉన్న క్వార్టర్ చూసి, టేపు తీసి కిటికీ కొలత తీసుకుని వెళ్ళింది. వారం తిరక్కుండా కర్టెన్ కుట్టేసింది. లేత ఆకుపచ్చ, అంచుకి మడత.

"ముందు ఉద్యోగం రానీ అమ్మా," అన్నాను.

"ఉద్యోగం నీ చేతిలో లేదు. కర్టెన్ నా చేతిలో ఉంది," అంది.

అంచేత ఆ రాత్రి నేను ఆలోచించాను. పొద్దున్నకి ఆలోచన వచ్చింది. కారు మైలేజీ అంటే అది నడిచినప్పుడు తాగిన ఇంధనానికి సంబంధించింది. నిలబడినప్పుడు తాగింది నడకలోకి ఎలా వస్తుంది? మనిషి కూర్చుని భోంచేసిన దాన్ని నడకలో కలపం కదా. రిజిస్టర్లో కొత్త గడి గీశాను. దానికి 'విశ్రాంతి ఇంధనం' అని పేరు పెట్టాను. నిలబడి కాల్చిందంతా అందులో పడేసరికి, మిగిలిన దాంతో మంత్రిగారి కారు లీటరుకి పందొమ్మిది దాకా వచ్చింది. ఇరవై రాయలేదు. చివర సున్నాతో నున్నగా ఉన్న అంకెని ఎవరూ నమ్మరని అప్పటికి నాకు తెలుసు.

పీఏ ఆ పేజీని రెండుసార్లు చదివాడు. ఏదీ మార్చలేదు. మా ఆఫీసులో అంతకన్నా పెద్ద బిరుదు లేదు. నా పర్మనెంటు ఆర్డరు ఆ మధ్యాహ్నమే టైపయింది. మంత్రిగారి సంతకం ఒక్కటే తరువాయి.

పందొమ్మిది పత్రికల్లో వచ్చింది. మొదట నాలుగు వేసిన పత్రిక విలేఖరి మాత్రం ఒప్పుకోలేదు. పొడుగ్గా, బక్కగా, ఏ మాట విన్నా ఒక కనుబొమ ఎత్తే మనిషి. సీసాలో మా అందరి ముందూ ఒక లీటరు పోసి, సీలు వేసి, దాన్ని ఇంజన్‌కి బిగించి, ఎంత దూరం నడుస్తుందో చూపిస్తారా అని అడిగాడు. మంత్రిగారు ఆ సవాలుని స్వీకరించారు. వచ్చే శుక్రవారం, వేదిక ముందు నుంచి బయల్దేరి ఊరు చుట్టూ తిరిగే బైపాస్ మీద పదిహేను కిలోమీటర్ల రౌండు. తిరిగి వచ్చాక వేదిక మీద నా ఆర్డరు మీద సంతకం. పొదుపుకి రూపకర్త అయిన ఉద్యోగినికి పర్మనెంటు అని కార్యక్రమం కాగితంలో వేశారు.

ఆ వారం నేను మరీ జాగ్రత్తగా ఉన్నాను. నివేదిక మీద మచ్చ పడకూడదని మంత్రిగారి కారుకి ఇంధనం స్లిప్పులు సగానికి తగ్గించాను. ఆ కారు నడిపే డ్రైవరన్న గురువారం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ముల్లు కింద పడుకుంది. ఇంకో పది లీటర్లు రాయి."

"రేపు పదిహేను కిలోమీటర్లే కదన్నా. సరిపోతుంది."

"ఈ బండికి కిలోమీటర్లు కాదు, గంటలు చూడాలి."

"అన్నా, రేపు సాయంత్రం ఎంత కావాలంటే అంత రాస్తాను. రేపటిదాకా నన్ను బతకనివ్వు."

పెళ్ళికూతురు మొహం చూసినట్టు నా మొహం చూసి వెళ్ళిపోయాడు.

శుక్రవారం వేదిక ముందు జనం బాగానే వచ్చారు. ఒక కారు ఒక లీటరు ఆదా చెయ్యడం చూడటానికి ముప్ఫై కార్లలో వచ్చారు. ఎవరూ ఇంజన్లు ఆపలేదు, సర్క్యులర్ ఉంది గనక. బాబాయ్ గాజు సీసా తెచ్చి లీటరు పోశాడు. విలేఖరి దాని మూతకి లక్క సీలు వేశాడు. బాబాయ్ బానెట్ ఎత్తి, సన్నటి పైపు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"ఇది కలపాలంటే ట్యాంకు పైపు విప్పాలి సార్. ఇంజన్ ఒక్క నిమిషం ఆపాలి."

ఆవరణ అంతా నిశ్శబ్దమైంది, ముప్ఫై ఒక్క ఇంజన్లు తప్ప. మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ బాబాయ్ చెవి దగ్గరికి వంగి చాలా మెత్తగా ఏదో చెప్పాడు. బాబాయ్ మొహం ఒకసారి ఎర్రబడి, తర్వాత మామూలైపోయింది. ఏడు నెలల్లో రిటైరయ్యే మనిషి మొహం అది. సీసాని అద్దం ముందు అందరికీ కనబడేలా కట్టాడు. సన్నటి పైపుని బానెట్ సందులోంచి లోపలికి దింపాడు. దాని రెండో కొస మడిచి కట్టేశాడు గాని దేనికీ కలపలేదు. ఇంజన్ తన ట్యాంకులోంచి తను తాగుతూనే ఉంది. నేను పక్కనే నిలబడి అంతా చూశాను. చూసి రిజిస్టర్లో "సీసా అమర్చబడినది" అని రాశాను. అది అబద్ధం కాదు.

నన్ను ముందు సీట్లో డ్రైవరన్న పక్కన కూర్చోబెట్టారు. ఒళ్ళో రిజిస్టరు, చేతికి వాచీ. వెనక మంత్రిగారూ పీఏ. పీఏ ఒళ్ళో నా ఆర్డరు ఉన్న ఫైలు. వెనకాల విలేఖరుల వ్యాను, దాని వెనక ముప్ఫై కార్లు. పదిహేను కిలోమీటర్లు తిరిగి వేదిక ముందుకి వచ్చేసరికి సీసాలో లీటరుకి లీటరూ ఉంది.

జనం లేచి నిలబడ్డారు. విలేఖరి వ్యాను దిగి వచ్చి, సీలు చూసి, సీసా చూసి, ఈసారి రెండు కనుబొమలూ ఎత్తాడు. "ఒక్క చుక్క కూడా తగ్గలేదేమిటండి?" అన్నాడు.

"ఆదా అంటే అదే కదా," అన్నాడు పీఏ.

అక్కడితో దిగిపోయి ఉంటే ఈ కథ లేదు. కాని మంత్రిగారు సీసా వైపే చూస్తున్నారు. పైపు దేనికీ కలవలేదని ఆ కారులో ఉన్న నలుగురికీ తెలుసు. కాని పదిహేను కిలోమీటర్లపాటు కళ్ళెదురుగా ఊగుతున్న నిండు సీసాని చూస్తూ కూర్చుంటే నలుగురూ మూడున్నరగా మారతారని నాకు ఆవేళే తెలిసింది. ఆయన కళ్ళలో భక్తి లాంటిది కనబడింది.

"ఇంకా ఉంది కదయ్యా," అన్నారు. "ఇంకో రౌండు పోనీ."

డ్రైవరన్న అద్దంలోంచి పీఏని చూశాడు. పీఏ కిటికీలోంచి చెట్లని చూశాడు. ఇంకో రౌండు పోయాం. ముప్ఫై కిలోమీటర్లు. సీసా నిండుగా ఉంది.

"ఇంకోటి," అన్నారు మంత్రిగారు.

డ్రైవరన్న నా వైపు తిరిగాడు. తోడబుట్టినవాడు చూసే చూపు అది. ముల్లు ఎక్కడుందో నేను చూడలేదు. వాచీ చూసుకున్నాను.

మూడో రౌండులో బైపాస్ వంతెన దిగుతుండగా ఇంజన్ ఆగిపోయింది. పెద్ద చప్పుడేమీ లేదు. చాలా రోజులుగా ఇంట్లో ఉన్న చుట్టం చెప్పకుండా వెళ్ళిపోయినట్టు ఆగింది. బండి మాత్రం పల్లంలో జారుతోంది.

"ఏమిటిది, ఇంత హాయిగా ఉంది?" అన్నారు మంత్రిగారు.

"టర్బో అందుకుందండి," అన్నాడు డ్రైవరన్న. స్టీరింగు బిగుసుకుపోయి అతని మెడ నరాలు ఉబ్బాయి.

పల్లం అయిపోయింది. బండి నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, నిలబడింది. మంత్రిగారికి అప్పుడు అర్థమైంది. ఆయన మొహం చూసి నాకు నిజంగా జాలేసింది. చీకట్లో దీపం ఆరిపోతే చిన్నపిల్లలు చూసే చూపు అది.

"ఆగలేదు," అన్నారు, చాలా నెమ్మదిగా. "ఎవరూ ఆగిందనకండి. తొయ్యండి."

వేదిక అక్కణ్ణుంచి కనబడుతూనే ఉంది. కార్యకర్తలు పదిమంది దిగారు. అంగరక్షకులు ఇద్దరు. వ్యాన్లోంచి విలేఖరులు దిగితే, ఇది ప్రజా భాగస్వామ్యంతో నడిచే దశ అని పీఏ కిటికీలోంచి చెప్పాడు. వాళ్ళలో ఇద్దరు కెమెరాలు మెడలో వేసుకుని వాళ్ళూ చెయ్యి వేశారు. నేను కూడా దిగాను. నా ఆర్డరు లోపల ఉంది; అది వేదికదాకా వెళ్ళాలి. ఎడమ పక్క వెనక దీపం దగ్గర చోటు దొరికింది. రిజిస్టరు చంకలో పెట్టుకుని తోశాను. బరువుగానే ఉంది, కాని నాలుగేళ్ళుగా తోస్తున్న దాని కంటే తేలిక.

సగం దూరంలో కిటికీ అద్దం దిగింది. పీఏ చెయ్యి నన్ను పిలిచింది. వేదికదాకా వెళ్ళే ఓపిక ఆయనకి ఉన్నట్టు లేదు. ఏ కాగితానికి ఎప్పుడు సంతకం అయిపోవాలో ఎరిగినవాడు. మంత్రిగారు ఊగుతున్న ఫైలు మీద సంతకం పెట్టారు. నేను బండి పక్కన నడుస్తూ ఆర్డరు అందుకున్నాను.

"బాగా తొయ్యమ్మా," అన్నారు మంత్రిగారు.

వేదిక దగ్గర అందరూ దండల హడావిడిలో ఉండగా నేను మెట్టు మీద కూర్చుని రిజిస్టరు తెరిచాను. నా భుజం మీదనుంచి చూసేవాళ్ళూ, ఏం రాయాలో చెప్పేవాళ్ళూ ఎవరూ లేరు. చేతిలో ఆర్డరుంది. మనసు నిండుగా ఉంది. పైగా మొదటిసారి, నిజం అబద్ధం కంటే అందంగా ఉంది. ఎంత అందంగా ఉందంటే, పాడు చెయ్యబుద్ధి కాలేదు. వాచీ చూసి గుర్తుపెట్టుకున్నట్టే రాశాను: ఇంజన్ ఆఫ్, 11.42. తోసిన దూరం, 640 మీటర్లు. ఇంధనం, నిల్. మంత్రిగారి సంతకం, 11.50.

'ఇంజన్ ఆఫ్' గడిలో నాలుగేళ్ళలో అదే మొదటి అంకె.

మర్నాడు ఒక పత్రిక "ఇంధనం లేకుండా నడిచిన మంత్రి కారు" అని వేసింది. దాని పక్కనే చిన్న వార్త. ఆరోగ్య కారణాల వల్ల రవాణా మంత్రిగారిని బాధ్యతల నుంచి తప్పించారని. డ్రైవరన్న ఆ రెండు వార్తలూ కలిపి చింపి షెడ్డు గోడకి అంటించాడు. అమ్మ అదేమీ పట్టించుకోలేదు. కర్టెన్ ఇస్త్రీ చేస్తోంది. మంత్రులు పోతారు గాని సంతకాలు ఎక్కడికి పోతాయి అంది.

మూడో రోజున కొత్త మంత్రిగారు వచ్చారు. పాతాయన కంటే చదువుకున్నవారు. ప్రతి కారుకీ రెండు టర్బోలని పోర్టికోలోనే ప్రకటించారు. తర్వాత లోపలికి వచ్చి, పాతాయన చివరి రోజున పెట్టిన సంతకాల ఫైళ్ళన్నీ తెప్పించుకున్నారు. లాగ్‌బుక్ కూడా తెప్పించారు. దానితోపాటు నన్ను. బల్ల పక్కన అదే పీఏ నిలబడి ఉన్నాడు.

"మా పూర్వ మంత్రిగారి అధికారం ఎప్పటిదాకా ఉన్నట్టు లెక్క?" అని కొత్తాయన పీఏని అడిగారు.

"ఇంజన్ ఆగేదాకా అని మా శాఖలో ఆనవాయితీ సార్."

కొత్త మంత్రిగారు తలూపారు. ఆయన ఆ సంగతి తెలిసే వచ్చారని అర్థమైంది. రిజిస్టరు నా వైపు తిప్పి, ఆ పేజీ మీద వేలు పెట్టారు.

"11.42. ఇది మీ చేతిరాతేనా?"

"అవునండి."

"కంగార్లో రాసి ఉంటారు. పది నిమిషాలు అటూ ఇటూ అయి ఉండొచ్చు. సరిగ్గా చూసే రాశారా?"

పీఏ నా వైపు చూశాడు. చాలా మెత్తటి చూపు. అటూ ఇటూ అయి ఉండొచ్చండి, అన్న మాట నా నాలుక చివరదాకా వచ్చింది. అది వచ్చి ఉంటే సంతకం ఇంజన్ కంటే ముందు పడేది. కాని నాలుగేళ్ళలో మా ఆఫీసులో నన్నెవరూ సరిగ్గా రాశావా అని అడగలేదు. ఎంత రాయాలో చెప్పారు, అంతే. అడిగేసరికి, నా కంటే ముందు నా గర్వం నోరు తెరిచింది.

"సరిగ్గా చూసే రాశానండి. నా వాచీ రోజూ రేడియోతో సరిచేసుకుంటాను."

కొత్త మంత్రిగారు చాలా సంతోషించారు. ఇలాంటి నిజాయితీ ఉన్న ఉద్యోగి శాఖకి ఆభరణమన్నారు. 11.42 తర్వాత పడ్డ సంతకాలు చెల్లవని ఫైలు మీద రాశారు. ఆ తర్వాత పడ్డ సంతకం ఒకటే ఉందని పీఏ మెత్తగా మనవి చేశాడు. అయినా నన్ను ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకూడదనీ, ఇప్పుడున్న పద్ధతిలోనే కొనసాగించాలనీ మంత్రిగారు ఆదేశించారు. నేను నమస్కారం పెట్టాను.

ఆ ఆదివారం అమ్మ కర్టెన్ అంచు విప్పి, మధ్యకి కత్తిరించి, రెండు దిండు గలీబులు కుట్టింది. గుమ్మంలో కూర్చుని కుట్టింది. కొలత ఏమీ వృథా పోలేదంది.

సోమవారం కొత్త రిజిస్టరు ఇచ్చారు. పోర్టికోలో కొత్త కారు నిలబడి ఊగుతోంది. బాబాయ్ బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఏమంటోంది బాబాయ్ అని అడిగాను.

"ఆకలంటోంది," అన్నాడు.

మొదటి పేజీ తీసి తేదీ వేశాను. ఇంజన్ ఆన్, 10.05 అని రాశాను. వాచీ విప్పి సొరుగులో పెట్టి, పక్క గడి ఖాళీగా వదిలేశాను.